మాకెవరు పెట్టారు వారాలు?

(ఆదివారం వ్యాసాలు – 14)

"మేడమ్, చదవబుద్ధి కావట్లేదు. కొంచెం మోటివేట్ చెయ్యండి."

నెట్ నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ ఈ ఒక్క వాక్యం పదిహేను ఇరవై పేర్లతో నా ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది. పీజీసెట్ రోజుల్లో ఇంకొన్ని ఎక్కువ. ఈసారి ఒకబ్బాయి ఇంకాస్త విప్పి రాశాడు: "మేడమ్, ఈసారికి ఒగ్గేద్దామనుకుంతన్నాను. అచ్చితాపురంలో షిఫ్టుకి పిలుస్తన్నారు. మాయమ్మ కూడా ఎల్లిపోరా అంతంది."

ఎంఏ తెలుగు, ఫస్ట్ క్లాసు. వాళ్ళింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. వాడికి నేనిచ్చిన జవాబు చివర్లో చెప్తాను. ముందు మోటివేషన్ అనే సరుకు సంగతి చూద్దాం.

మన కాలేజీలకి ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఒక వ్యక్తిత్వ వికాస నిపుణుడు వస్తాడు. ఎండాకాలంలోనూ కోటు వేసుకుంటాడు. గద్ద కథ చెప్తాడు. వేడి నీళ్ళ గిన్నెలో కప్ప కథ చెప్తాడు. అందర్నీ కళ్ళు మూసుకోమని, పదేళ్ళ తర్వాత మీరెక్కిన కారు రంగు చూసుకోమంటాడు. చివరికి వేలు చూపించి, "మీలో కసి లేదు. కసి ఉంటే కొండని పిండి చెయ్యొచ్చు" అంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. పొద్దున ఎంతమంది తిని వచ్చారని మాత్రం అడగడు. సాయంత్రం ఎంతమంది పనికి వెళ్తారని అడగడు. వాళ్ళ ఊరి ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కోడు.

కసి లేదా? కళ్ళు మూసుకోమన్నవాడు తన కళ్ళు తెరిచి చూడాలి. పక్క బెంచీ వాడు తన టిఫిను ముట్టుకోకపోయినా అదే బెంచీ మీద పదేళ్ళు కూర్చున్న పిల్ల అది. స్కాలర్‌షిప్ కాగితం మీద సంతకం కోసం మూడు ఆఫీసుల చుట్టూ తిరిగిన పిల్ల. కుల ధ్రువీకరణ పత్రం ఇచ్చేటప్పుడు గుమస్తా నవ్విన నవ్వుని మింగిన పిల్ల. అంగన్‌వాడీ నుంచి ఎంఏ దాకా వచ్చిందంటే, ఆ నిపుణుడు వందమందికి పంచినా మిగిలేంత కసి దాని దగ్గరుంది. ఇరవై రెండేళ్ళు కరువవని కసి సరిగ్గా ఎంట్రన్స్ ముందు మూడు నెలల్లోనే ఎందుకు ఇంకిపోతోంది? ఇదీ అడగాల్సిన ప్రశ్న.

జవాబు మనసులో దొరకదు. లెక్కల పుస్తకంలో దొరుకుతుంది. తీద్దాం.

యూజీసీ నెట్ అంటే ఏమిటో తెలియని అమ్మలూ నాన్నలూ కూడా ఈ పేజీ చదివించుకుంటున్నారు కాబట్టి మొదటి నుంచీ చెప్తాను. ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబర్‌లో జరిగే పరీక్ష. మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు. మొదటి పేపర్లో అందరికీ ఒకే రకం 50 ప్రశ్నలు. రెండో పేపర్లో సొంత సబ్జెక్టువి 100. తప్పు రాస్తే మార్కులు కోయరు. 2024 నుంచి దీనికి మూడు మెట్లున్నాయి. పై మెట్టు ఎక్కినవాళ్ళకి జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసుకోమని నెలనెలా ఇచ్చే ఫెలోషిప్. 2023 జనవరి నుంచి అది నెలకి 37,000 రూపాయలు. మధ్య మెట్టు వాళ్ళకి అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీలో చేరే అర్హత. కింది మెట్టు వాళ్ళకి పీహెచ్‌డీలో చేరే అర్హత ఒక్కటే.

యూనివర్సిటీలు విడివిడిగా పెట్టుకునే ప్రవేశ పరీక్షల బదులు ఈ మార్కులే తీసుకోవచ్చని యూజీసీ 2024 మార్చిలో చెప్పింది. కింది రెండు మెట్ల వాళ్ళకి పరీక్ష మార్కులకి 70 శాతం విలువ, ఇంటర్వ్యూకి 30 శాతం. ఆ మార్కులు ఒక్క ఏడాదే చెల్లుతాయి. ఈలోపు సీటూ గైడూ దొరక్కపోతే మళ్ళీ మొదటికి.

పై మెట్టుకీ మధ్య మెట్టుకీ తేడా నాలుగైదు ప్రశ్నలు కావచ్చు. ఆ నాలుగైదు ప్రశ్నలు ఒక ఇంట్లో ఐదేళ్ళ బియ్యం, ఐదేళ్ళ అద్దె, చెల్లి చదువు, నాన్న మందులు. ఇంకో ఇంట్లో అవే నాలుగైదు ప్రశ్నలు, "పర్లేదు నాన్నా, ఈసారి కాకపోతే డిసెంబర్లో" అనే ఒక మాట. ఇద్దరూ ఒకే హాల్లో, ఒకే పేపరు రాస్తారు. రాసేది మాత్రం ఒకే పరీక్ష కాదు. ఒకరు అర్హత కోసం రాస్తున్నారు, ఇంకొకరు జీతం కోసం రాస్తున్నారు. రెండో మనిషికి పుస్తకం తెరవగానే గుండె దడదడలాడితే దానికి మోటివేషన్ తక్కువైందని పేరు పెడతారా? అది భయం. అప్పు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉండే భయం. గద్ద కథతో పోదు.

ఇప్పుడు క్యాలెండర్ తీయండి. జూన్ పరీక్షకి చదవాల్సింది ఎప్పుడు? ఏప్రిల్, మే నెలల్లో. సంక్షేమ హాస్టళ్ళకి తాళం వేసేది ఎప్పుడు? వేసవి సెలవులకి, అదే ఏప్రిల్, మే నెలల్లో. అంటే సరిగ్గా చదవాల్సిన అరవై రోజులూ మన పిల్లకి మంచం లేదు, మెస్సు లేదు, ట్యూబ్‌లైటు లేదు. పెట్టె సర్దుకుని ఇంటికొస్తుంది. ఇల్లు ఒకే గది. రేకు కప్పు. మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుంటే పుస్తకం అట్ట కూడా వంగిపోతుంది. ఇంటికొచ్చిన మనిషికి ఇంటి పని ఎదురుగా ఉంటుంది. ఆడపిల్లైతే పొయ్యి, నీళ్ళు, తమ్ముడి అన్నం. మగపిల్లాడైతే, "ఖాళీగానే ఉన్నావు కదరా, రెండు నెలలు పనికెళ్ళు." ఈ టైమ్ టేబుల్ వేసింది ఎవరో మనకి తెలియదు. వేసినవాళ్ళకి మాత్రం వేసవిలో వెళ్ళడానికి ఇల్లుందని తెలుస్తోంది.

2024 జూన్ 18. దేశమంతా 9 లక్షల మందికి పైగా నెట్ రాశారు. పెన్నూ పేపరుతో, ఒకే రోజున. మన పిల్లలు ముందు రోజే విశాఖ చేరి, చుట్టాల ఇళ్ళ వరండాల్లో పడుకుని రాసొచ్చారు. మర్నాడు 19న పరీక్ష రద్దయిందన్నారు. పేపర్ బయటికొచ్చిందన్న అనుమానం. కేసు సీబీఐకి వెళ్ళింది. చివరికి ఆ స్క్రీన్‌షాటే మార్ఫింగ్ చేసిందని తేలి, 2025 జనవరిలో కేసు మూసేశారు. లీకు కాని పేపరు కోసం లక్షల మంది మళ్ళీ చదివారు. ఏసీ గదిలో ఉన్నవాడికి అది ఇంకో రెండు నెలల రివిజన్. రెండు నెలలు పని మానుకుని, "ఇదొక్కసారమ్మా" అని ఇంట్లో ఒప్పించి రాసినవాడికి ఆ రెండో "ఒక్కసారి" అడగడానికి నోరు రాలేదు.

ఆ మళ్ళీ పెట్టిన పరీక్షలు ఎప్పుడు మొదలయ్యాయో గుర్తుందా? 2024 ఆగస్టు 21న. మన జిల్లాలో ఆ తేదీ ఇంకో కారణానికి గుర్తు. ఆ మధ్యాహ్నమే అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా ఫార్మా కంపెనీ పేలింది. 17 మంది చనిపోయారు. చదువుకున్న యువకులున్నారు అందులో. ఒకే రోజు, ఒకే జిల్లా. ఒక దారిలో పరీక్ష హాలు, ఇంకో దారిలో రియాక్టర్లు. మన పిల్లలు ఈ రెండు దారులు కలిసే చోట నిలబడి "చదవబుద్ధి కావట్లేదు మేడమ్" అంటున్నారు. దీన్ని బద్ధకం అన్నవాడికి నేను దణ్ణం పెట్టను.

పని చేసేవాళ్ళని తక్కువ చేస్తున్నానని ఎవరూ అనుకోకండి. మా అమ్మ ఈ ఊరి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసిన మనిషి. ఆమె చెమట ఖరీదు నాకు తెలుసు. నా కోపం పని మీద కాదు. ఒకరికి "ఇష్టమైతే చదువు" అనీ, ఇంకొకరికి "గతిలేకపోతే ఫ్యాక్టరీ" అనీ ముందే రాసిపెట్టిన తలరాత మీద.

సరే, ఈ దేశంలో చదువుకున్నవాళ్ళు ఎలా చదువుకున్నారో ఒకసారి చూద్దాం. నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను కాబట్టి నా సబ్జెక్టులోంచే చెప్తాను. మీకిది నెట్‌లో రెండు మార్కుల ప్రశ్న కూడా, రాసుకోండి. నన్నయ్యకి భారత రచనలో సాయపడిన పండితుడు నారాయణభట్టు. ఆయనకి రాజరాజ నరేంద్రుడు ఒక ఊరికి ఊరే అగ్రహారంగా ఇచ్చాడు. ఊరి పేరు నందంపూడి. శాసనం 1053 నాటిది, రాసింది నన్నయ్యే. అగ్రహారం అంటే పన్ను కట్టక్కర్లేని భూమి. దున్నేది ఒకరు, కోసేది ఒకరు, పండిన గింజ చదువుకునేవాడి ఇంటికి చేరుతుంది. దాన్ని మనం ఈ రోజు ఏమంటాం? ఫెలోషిప్ అంటాం. నెలనెలా కాదు, తరతరాలకీ వచ్చే ఫెలోషిప్. దానికి నెట్ లేదు, ఇంటర్వ్యూ లేదు, ఏటా రెన్యువల్ లేదు. ఏ రాజూ నారాయణభట్టుని పిలిచి "నీలో కసి ఉందా?" అని అడగలేదు. ఊరు రాసిచ్చాడు.

భూమి లేని బ్రాహ్మణ పిల్లలు లేరా అంటారు. ఉన్నారు. వాళ్ళకి వారాలున్నాయి. ఈ తరం పిల్లలకి ఆ మాట తెలియదేమో, చెప్తాను. ఊరొదిలి పట్నం వచ్చి చదువుకునే పేద బ్రాహ్మణ కుర్రాడు ఏడు ఇళ్ళు మాట్లాడుకునేవాడు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. వారానికి ఏడిళ్ళు, ఏడు రోజులు. దాన్నే వారాలు చేసుకుని చదువుకోవడం అంటారు. ఎందరో పెద్దల జీవిత కథల్లో ఈ మాట కనిపిస్తుంది. "వారాలు చేసుకుని చదువుకుని ఇంతటివాడయ్యాడు" అని పేదరికానికి, పట్టుదలకి గుర్తుగా చెప్తారు. నాకు ఆ కథల్లో కనిపించేది ఆ కుర్రాడి పట్టుదల ఒక్కటే కాదు. ఏడు వంటిళ్ళు. ఆ ఏడు వంటిళ్ళలోకి కులం చూసి పిలిచిన ఏడుగురు ఇల్లాళ్ళు. ఆ కుర్రాడు కష్టపడ్డాడు, నిజం. ఆ కష్టానికి ఊరు అన్నం పెట్టింది, అదీ నిజం.

మాకెవరు పెట్టారు వారాలు?

గడప తొక్కనివ్వని ఇంట్లో పీట వేస్తారా? నీళ్ళు పైనుంచి పోసిన చేతులు అన్నం వడ్డిస్తాయా? వెయ్యేళ్ళు ఒకళ్ళకి ఊళ్ళు రాసిచ్చి, ఏడిళ్ళలో విస్తళ్ళు వేసి చదివించిన సమాజం, మా దగ్గరికొచ్చేసరికి మైకు పట్టుకుని "ఆత్మవిశ్వాసం" అంటోంది. వాళ్ళకి అన్నం, మాకు ఉపన్యాసం.

బాబాసాహెబ్ జీవితంలోంచి కూడా ఒక లెక్క చూపిస్తాను. ఆయన బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో 1913లో కొలంబియా వెళ్ళారు. తర్వాత లండన్లో చదువుతుండగా 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. చదువు మధ్యలో వదిలేసి తిరిగొచ్చారు. బాబాసాహెబ్‌కి 1917లో మోటివేషన్ తక్కువైందా? ఆ మాట అనగల మగాడెవడైనా ఉన్నాడా? బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, జీతం దాచి, కొల్హాపూర్ షాహూ మహరాజ్ సాయం, ఒక పార్సీ మిత్రుడిచ్చిన అప్పు కలిపి 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. 1923లో డీఎస్సీ పట్టా అందుకున్నారు. మధ్యలో పోయిన మూడేళ్ళు డబ్బు మింగిన మూడేళ్ళు. సంకల్పం 1917లోనూ అంతే ఉంది, 1920లోనూ అంతే ఉంది. మారింది చేతిలో ఉన్న రూపాయలు.

ఆ సంగతి ఆయన మర్చిపోలేదు. అధికారంలోకి వచ్చాక మన పిల్లల్ని కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమనలేదు. 1942లో మన జనం బాధలన్నీ రాసి వైస్రాయికి వినతిపత్రం ఇచ్చారు. అందులో చదువుకి నిధులు అడిగారు. 1944లో షెడ్యూల్డ్ కులాల పిల్లలకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఈ రోజు మీ అకౌంట్లో ఆలస్యంగా పడినా పడే ఆ డబ్బు అక్కడ పుట్టింది. ఆయన మోటివేషన్ అంటే అది. బడ్జెట్లో ఒక పద్దు.

ఆ పద్దుని ఇప్పుడు ఏం చేస్తున్నారో చూడండి. 2020 డిసెంబర్లో మన రాష్ట్రంలో జీవో 77 వచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకి ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదన్నారు. విద్యార్థి సంఘాలు రోడ్డెక్కాయి. యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటు రాని పిల్ల తన ఊరి పక్క కాలేజీలో ఎమ్మెస్సీ చదవాలంటే అప్పు చెయ్యాల్సి వచ్చింది, లేదా మానెయ్యాల్సి వచ్చింది. రాజీవ్ గాంధీ ఫెలోషిప్ 2005లో మొదలైనప్పుడు పీజీ మార్కులతోనే మన పరిశోధకులకి వచ్చేది. పేరు మారింది, తర్వాత నెట్ తప్పనిసరి అయింది. విదేశాల్లో చదివే ఎస్సీ పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్‌లో 2022లో ఒక నిబంధన పెట్టారు: భారతదేశ చరిత్ర, సంస్కృతి, సమాజం మీద పరిశోధన చేస్తానంటే ఇవ్వరట. మన గురించి మనం రాస్తే డబ్బులివ్వరన్నమాట. ఫెలోషిప్ వచ్చినవాళ్ళకి అది నెలల తరబడి రాదు. రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయేనాటికి ఏడు నెలల ఫెలోషిప్ రావాలి. ఆ బాకీ లెక్క అతని చివరి ఉత్తరంలోనే ఉంది. చనిపోయే ముందు కూడా ఆ పిల్లాడు లెక్క రాశాడు. దేశం మాత్రం అతని మనసు బలహీనమా, బలమా అని చర్చించింది.

నాకు రెండు వైపుల నుంచీ ఎదురు ప్రశ్నలొస్తాయని తెలుసు.

మొదటిది మన పెద్దల నుంచే. "అమ్మా, మేం వీధి దీపం కింద చదువుకున్నాం. ఇప్పుడు వీళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయి, యూట్యూబ్‌లో పాఠాలున్నాయి. ఇంకా ఏం కావాలి?" పెద్దల మీద గౌరవంతోనే అంటున్నాను. వీధి దీపం కింద చదివి ఆఫీసరైన ఒక్కరి కథ మనకి తెలుసు. అదే దీపం కింద కూర్చుని, కళ్ళు పోయి, పదో తరగతి తప్పి, మట్టి పనికెళ్ళినవాళ్ళ కథ ఎవరు చెప్తారు? గెలిచినవాడికి మైకు దొరుకుతుంది. ఓడినవాడికి తట్ట దొరుకుతుంది. మైకులో వినిపించిన కథతోనే రూలు రాయకూడదు. పైగా, మీరు పడిన కష్టం మీ మనవరాలు కూడా పడాలని మీరే కోరుకుంటే, మీరు కష్టపడింది ఎందుకు?

రెండోది బయటి నుంచి. "మీకు రిజర్వేషన్ ఉందిగా, అంత చదవడం ఎందుకు?" నా పీజీ రోజుల్లో ఒక పంతులుగారు క్లాసులోనే అన్న మాట ఇది. రిజర్వేషన్ అంటే సీటు. సీటు దాకా వెళ్ళడానికి బస్సు చార్జీ రిజర్వేషన్‌లో రాదు. చదువుకునే గది రాదు. మీ తాతగారి అటక మీద ఉన్న బాలవ్యాకరణం రాదు. 1858 నాటి ఆ పుస్తకం మీ ఇంట్లో నాలుగు తరాలుగా ఉంది. మా ఇంట్లో దాన్ని మొదట తెరిచింది నేను. అయినా మీ పక్కనే కూర్చుని, మీరు రాసిన పేపరే రాశాను. ఇందులో ఎవరికి ఎక్కువ వెసులుబాటు దొరికిందో మీరే లెక్క వేసుకోండి.

తెలుగు సబ్జెక్టు పిల్లలకి ఒక మాట. "సంధి సూత్రాలు బుర్రకెక్కట్లేదు మేడమ్, ఈ ఛందస్సు మనది కాదు మేడమ్" అంటారు. ఎవరు చెప్పారు మనది కాదని? జాషువా 1941లో గబ్బిలం రాసింది పద్యంలోనే. గుడి తలుపు తియ్యనివ్వని వాళ్ళ గణాలూ యతులూ వాళ్ళకంటే బాగా పట్టుకుని, ఆ పద్యంతోనే వాళ్ళని నిలదీశాడు. కొలకలూరి ఇనాక్ తెలుగు పాఠాలు చెప్పి, వెంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఎండ్లూరి సుధాకర్ తెలుగు ఆచార్యుడై మల్లెమొగ్గల గొడుగు పట్టాడు. సిలబస్ చివరి యూనిట్‌లో దళిత సాహిత్యం అని మన కోసం ఒక మూల ఇచ్చారు కదా అని ఆ మూలలోనే కూర్చోకండి. నందంపూడి శాసనం కూడా మీరే చదవాలి. ఎవరి భూమి ఎవరికి వెళ్ళిందో మీరు చదివినట్టు ఇంకెవరూ చదవలేరు.

మరి ఏం చెయ్యాలి? వ్యవస్థని తిట్టి పడుకోమని నేను చెప్పను. తిడుతూనే లేవాలి.

పిల్లలకి. ఒంటరిగా చదవొద్దు. ముగ్గురు కలవండి. ముగ్గురిలో రోజుకి ఒకరికైనా బుర్ర పనిచేస్తుంది, ఆ ఒక్కరు మిగతా ఇద్దర్ని లాగుతారు. బుద్ధి పుట్టినప్పుడు చదవడం కాదు, గంట కొట్టినట్టు ఒకే టైముకి కూర్చోండి. పనికెళ్ళేవాళ్ళు రోజుకి రెండు గంటలు చాలు, కానీ అవే రెండు గంటలు. పాత ప్రశ్నపత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కోచింగ్ వాడి దగ్గర కొనే ముందు అవి చెయ్యండి. మొదటి పేపరుని చిన్నచూపు చూడకండి. మన పిల్లలు సొంత సబ్జెక్టులో బాగా రాసి, అక్కడ లెక్కల దగ్గర, ఇంగ్లీషు పేరా దగ్గర జారిపోతున్నారు. తప్పుకి మార్కు కోత లేదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. ఇంకోటి: అమ్మకి ఆ పరీక్ష ఏమిటో కూర్చోబెట్టి చెప్పండి. ఎన్ని ప్రశ్నలు, ఎన్ని మార్కులు, వస్తే నెలకి ఎంత. "ఏదో పరీక్షంట" అనుకునే అమ్మ పనికెళ్ళమంటుంది. లెక్క తెలిసిన అమ్మ లాంతరు పట్టుకుని నిలబడుతుంది.

ప్రభుత్వానికి. వేసవిలో ప్రతి జిల్లా కేంద్రంలో ఒక్క సంక్షేమ హాస్టల్ ప్రవేశ పరీక్షలు రాసే పిల్లల కోసం తెరిచి ఉంచండి. మంచాలు అక్కడే ఉన్నాయి, ఫ్యాన్లు అక్కడే ఉన్నాయి, తాళం ఒక్కటే తియ్యాలి. లైబ్రరీ రాత్రి పది దాకా తెరవండి. ఫెలోషిప్ ఒకటో తారీకున వెయ్యండి. మీ జీతం ఒకటో తారీకున రాకపోతే మీకు ఎంత మోటివేషన్ ఉంటుందో చూసుకోండి.

ఆఖరిది, అసలైనది, మనకి. ఉద్యోగాలొచ్చిన మనకి. 1956 మార్చి 18న ఆగ్రాలో బాబాసాహెబ్ చదువుకున్న మన వాళ్ళ గురించి ఎంత బాధపడ్డారో మనందరికీ తెలుసు. ప్రతి ఏప్రిల్ 14న స్టేటస్‌లు పెడుతున్నాం. కేకులు కోస్తున్నాం. ఫ్లెక్సీ మీద మన ఫొటో ఆయన ఫొటో కంటే పెద్దదిగా ఉంటోంది. ఒక ఫ్లెక్సీ ఖర్చుతో ఎన్ని నెట్ అప్లికేషన్లు కట్టొచ్చో లెక్క వేశారా? ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకి 2024లో ఫీజు 325 రూపాయలు.

నాకూ ఎవరో వారం పెట్టారు. మా పేట చర్చిలో సండే స్కూల్ గది ఉండేది. వారమంతా ఖాళీ. రెండు వేసవులు పాస్టరమ్మగారు ఆ తాళంచెవి నాకిచ్చారు. మధ్యాహ్నం గిన్నె మీద మూత పెట్టి గంజన్నం గుమ్మం దగ్గర ఉంచి, పిలవకుండా వెళ్ళిపోయేవారు, చదువు చెదురుతుందని. ఆమె నాకు ఒక్క కొటేషన్ కూడా చెప్పలేదు. నేను జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నది నా కసితో అని ఎవరైనా అంటే ఆ గిన్నెకి అన్యాయం చేసినట్టే.

మన ఊరి పక్కనే శంకరం ఉంది. సంఘారామం అన్న మాటే అలా మారిందంటారు. బొజ్జన్నకొండ మీద భిక్షువులు వందల ఏళ్ళు ఉండి చదువుకున్నారు. వాళ్ళు పొలం దున్నలేదు. కింది ఊళ్ళ జనం భిక్ష పెట్టారు, గుహలు తొలిపించారు. తర్వాత కాలం మారింది. కనుమ నాడు జనం కొండెక్కి, అక్కడున్నది రాక్షసుడి బొజ్జ అని రాళ్ళు రువ్వే రోజులొచ్చాయి. ఎందరో పూనుకుని ఆ ఆచారాన్ని ఆపించాల్సి వచ్చింది. చదువుకునేవాళ్ళకి అన్నం పెట్టిన ఊరూ ఇదే, చదువుకున్న చోట రాళ్ళు వేసిన ఊరూ ఇదే. మనం ఏ ఊరి వారసులమో మనమే తేల్చుకోవాలి.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. అనకాపల్లిలో, చోడవరంలో, యలమంచిలిలో, నర్సీపట్నంలో, ఎక్కడున్నా సరే: ఉద్యోగాలున్న ఏడు ఇళ్ళు కలవండి. ప్రవేశ పరీక్షకి చదివే ఒక పిల్లనో పిల్లాడినో తీసుకోండి. మాల, మాదిగ, రెల్లి అని చూడకండి. రెల్లి పిల్లలైతే ముందు పిలవండి, వాళ్ళ ఇళ్ళలో పీజీ దాకా వచ్చినవాళ్ళు మనకంటే తక్కువ. సోమవారం ఒకరిది, మంగళవారం ఒకరిది. వారానికి ఒక్క రోజు భోజనం మీ ఇంట్లో. ఏడిళ్ళలో ఎవరో ఒకరి ఇంట్లో ఒక గది, ఒక బల్ల, ఒక లైటు. లేకపోతే అంబేడ్కర్ భవనం తాళం తీయండి. అది ఏప్రిల్ 14కీ డిసెంబర్ 6కీ మాత్రమే కట్టుకున్నది కాదు. మూడు నెలలు. అంతే.

ఆ అబ్బాయికి నేను రాసిన జవాబు కూడా ఇదే. "కసి గురించి నాకు చెప్పకు. ఎన్ని రోజులు పని మానితే ఇంటికి ఎంత లోటొస్తుందో కాగితం మీద రాసి పంపు." వాడు పంపాడు. ఆ కాగితం మా స్టాఫ్ రూమ్‌లో, మా పేటలో తిరిగింది. ఐదు ఇళ్ళు ఒప్పుకున్నాయి. శుక్రవారం, శనివారం ఇంకా ఖాళీగా ఉన్నాయి.

కామెంట్లలో చప్పట్లు, జై భీమ్‌లు తర్వాత పెట్టుకుందాం. ముందు మీది ఏ వారమో రాయండి.

జై భీమ్.